రోజుకు రెండుసార్లు ఎండే చెరువు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా కంపెనీ స్టోర్‌లో నట్లూ బోల్టులూ లెక్కపెట్టేటప్పుడు తప్ప (అక్కడ పెంచితే ఉద్యోగం పోతుంది) మిగతా అన్నిచోట్లా నా కళ్ళు గాలి కొట్టే పంపులా పనిచేస్తాయి. "ఎండలెట్లున్నయి?" అని ఇంటావిడ ఫోనులో అడిగితే, "నిన్న నా నీడ కరిగి చెప్పులకు అంటుకుంది" అన్న మనిషిని. కాబట్టి ఈ కింద వచ్చే పీతలన్నింటినీ సగానికి కోసుకోండి. దూరాలను మూడోవంతు చేసుకోండి. మనిషిని మాత్రం కోయకండి. ఆయన అసలే అయిదడుగులు లేడు. కోస్తే ఏమీ మిగలదు.

పేరు రాయను. బహ్రెయిన్ దేశంలో, నువైద్రాత్‌లోని మా క్యాంపులో ఉన్న రెండు వందల మందికీ ఆయన కాక. జగిత్యాల దిక్కు మనిషి. సైటులో ఇనుప రాడ్లు వంచి, వైరుతో కట్టే పని. అదే వైరు గురించి చాలా చెప్పాలి, వస్తున్నాను.

పోయిన వారం శుక్రవారం సీఫ్‌లో ఒక మాల్‌కు వెళ్ళాను. ఏదో కొనడానికి కాదు, ఏసీకి. అక్కడ ఒక వేట సామాన్ల దుకాణం ఉంది. అద్దంలో ఒక బొమ్మకు ఆకుల రంగు చొక్కా తొడిగారు. దానికి నలభై జేబులు. బొమ్మ చేతిలో ఈటె, నడుముకు కత్తి, తలకు దీపం, కాళ్ళకు తొడల దాకా బూట్లు. యుద్ధానికి పోతున్నదో, పీతల కోసం పోతున్నదో ఆ బొమ్మకే తెలియాలి. నేను దానిని చూస్తూ ఉండగానే ఫోను మోగింది. సరే, చూస్తూ ఉండగా కాదు, పక్కన జ్యూస్ తాగాక. ఊరి నుంచి ఆయన అల్లుడి గొంతు. "మామ మొన్న నిద్రలనే పోయిండన్నా. పొద్దుగాల లేపితే లేవలె."

బతుకంతా అడుగు చప్పుడు కాకుండా నడిచిన మనిషి. ఆయన దగ్గరికి రావడానికి చావు ఎన్నిసార్లు చెప్పులు విడిచి ప్రయత్నించిందో.

జ్యూస్ గ్లాసుతోనే మళ్ళీ ఆ అద్దం ముందుకు పోయాను. ఎందుకంటే ఒకప్పుడు అదే దుకాణానికి కాకను నేనే తీసుకుపోయాను. ఆయన ఆ చొక్కా చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేశాడు. సేల్స్‌మన్ వెనకే నడిచాడు, ఎక్కడ ముట్టుకుంటాడోనని. కాక ఒక్కో జేబులోనూ వేలు పెట్టి చూసి అడిగాడు.

"గిన్ని జేబులెందుకు బిడ్డా?"

"సామాన్లు పెట్టుకోవడానికి కాకా."

"గీ అంగీ కొన్నంక జేబుల పెట్టుకునేటందుకు ఏం మిగుల్తది?"

నేను దీన్ని హిందీలో చెబితే సేల్స్‌మన్ నవ్వలేదు. అలాంటి దుకాణాల్లో నవ్వితే ధర తగ్గించాల్సి వస్తుందని భయం కాబోలు.

కాక నడక చూడాల్సిన వస్తువు. మునివేళ్ళ మీద నడిచేవాడు, స్నానాల గదికి పోయినా సరే. సబ్బు పారిపోతుందేమో అన్నట్టు. సైటు బస్సు ఎక్కే ముందు ముక్కు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పక్కన కూర్చునేవాడు. అన్నిటికన్నా గొప్పది ఆయన చూపు. కావలసిన దాని వంక ఎప్పుడూ చూసేవాడు కాదు. "జూస్తె దానికి ఎరుకైతది" అనేవాడు. మెస్సులో చికెన్ వడ్డిస్తుంటే మేమందరం గిన్నెలోకి తొంగి చూసేవాళ్ళం. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ పళ్ళెం చాచేవాడు. కాలు ముక్క ఎప్పుడూ ఆయన పళ్ళెంలోనే పడేది. నేను పదేళ్ళుగా ఫ్యాను వైపు చూస్తున్నాను. నాకు మెడ ముక్కలే పడుతున్నాయి.

ఆయన వేట మొదటి రోజు సంగతి చెబుతాను. మా క్యాంపు నుంచి సముద్రం నడక దూరం. అంటే ఆయన నడకకు. ఆయన అంతకుముందు సముద్రం పక్కన కట్టడాలు కట్టాడేగానీ సముద్రంలో కాలు పెట్టలేదు. ఆయనకు తెలిసిన నీళ్ళన్నీ ఊరి చెరువువే. సైటులో కత్తిరించి పారేసిన వైరు ముక్కలను ఏరుకుని, నెలల పాటు ఒక బుట్ట అల్లాడు. మూతి లోపలికి తిరిగి ఉంటుంది. పీత లోపలికి పోవచ్చు, తిరిగి రాలేదు. మన వీసాలాగా. స్టోర్ కీపర్‌గా ఆ తుక్కు వైరుకు గేటు దగ్గర చీటీ రాసిచ్చింది నేనే. అలా నేనూ వేటగాణ్ణయ్యాను.

శుక్రవారం పొద్దున బుట్టలో మెస్సు వంటవాణ్ణి అడిగి తెచ్చిన కోడి పేగులు కట్టి, మోకాటి లోతు నీళ్ళలో ఒక రాయికి బిగించాం. క్యాంపుకు వచ్చి, తిని, ఒక కునుకు తీసి, మధ్యాహ్నం మళ్ళీ పోయాం.

సముద్రం లేదు.

ఉంది, కానీ ఖతార్ ఒడ్డుకు దగ్గరగా ఉంది. ఇక్కడంతా బురద. బురద మధ్యలో మా బుట్ట ఒంటరిగా, సంతలో తప్పిపోయిన దానిలా. దాని మీద ఒక పక్షి కూర్చుని మా పేగులు తింటోంది. కాక కిందికి వంగి బురదను వేలితో ముట్టి, వాసన చూసి, తీర్పు చెప్పాడు.

"తూము తీసిండ్రు."

"ఎవరు కాకా?"

"ఎవడో కింది పొలమోడు. మందిని అడగకుంట తూమెత్తిండు. పా, ఏడున్నదో జూద్దాం."

ఆ ఒడ్డు పొడుగునా తూము కోసం వెతికాం. ఆయన ముందు, నేను వెనక. నేను పదో తరగతి పాసైన వాణ్ణి. ఆటుపోట్ల గురించి పరీక్షలో రెండు పేజీలు రాసి, చందమామ బొమ్మ కూడా వేసిన వాణ్ణి. అయినా ఆయన అంత నమ్మకంగా పోతుంటే, చిన్నదో చితకదో ఒక తూము ఉండే ఉంటుందని నాకూ అనిపించింది.

చివరికి ఒక ముసలి బహ్రెయినీ కనిపించాడు. బోర్లించిన పడవ నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. నా హిందీ, ఆయన హిందీ కలిపి విషయం చెప్పాను. ఆయన చేతిలోని వల కింద పెట్టి నవ్వాడు. ఆ నవ్వుకు పడవ తిరగబడుతుందేమో అనుకున్నాను.

"పానీ రోజ్ జాతా. దో మర్తబా. రోజ్ వాపస్ ఆతా. మాఫీ ముష్కిల్!"

నీళ్ళు రోజూ రెండుసార్లు పోతాయట, మళ్ళీ వస్తాయట, ఇబ్బందేమీ లేదట. బురదలో అక్కడక్కడా నిలిచిన నీటి గుంటలను చూపించి, వాటిలో మిగిలిపోయేవన్నీ తినేవే అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. కాక బీడీ ముట్టించి చివరిదాకా కాల్చాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"మా ఊళ్ళె చెరువెండుడు నా ఎరికల నాలుగుమాట్లు. ఎండిన్నాడు ఊరంత బురదల్నే. సుట్టాలు గుడ దిగుతుండె. గీడ దినాం రెండుమాట్లు ఎండుతదా?" ఒక్కసారి గొంతు లేచింది. "ఎండుతుంటె మనోళ్ళు శుక్రారం పొద్దంత గురక పెడుతుండ్రా!"

ఆ రోజు నుంచి ఆయన శుక్రవారం పడుకోలేదు.

వేటకు సరైన సామాన్ ఉండాలని నేను నమ్మేవాణ్ణి. మనామాలో ఒక జత రబ్బరు బూట్లు కొన్నాను. బురదలో పది అడుగులు వేశాక కుడి బూటు అక్కడే ఉండిపోయింది, కాలు మాత్రం నాతో వచ్చింది. కాక వెనక్కి తిరిగి చూసి, "బూట్లకు ఏట నేర్పినవ్ బిడ్డా. నువ్వెప్పుడు నేర్సుకుంటవ్?" అన్నాడు. ఆయన చెప్పులు ఒడ్డునే ఉన్నాయి.

వేట ఒక ఎత్తు, పంపకం ఒక ఎత్తు. ఆయన ఊరి పద్ధతి ఇది. దొరికిందంతా సమానంగా కుప్పలు పెట్టాలి. వచ్చినవాళ్ళకు తలా ఒకటి. వలకు (ఇక్కడైతే బుట్టకు) ఒకటి. పంచకముందు దారిన పోతూ కంటితో చూసినవాడికి కూడా ఒకటి, వాడు శత్రువైనా సరే. తరువాత ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు కుప్ప మీద చెయ్యి పెట్టి "గిది ఎవలిది?" అంటాడు. వీపు తిప్పినవాడు ఎవరి పేరు చెబితే ఆ కుప్ప వాడిది. ఇక దానిని ఇంకొకడు ముట్టరాదు.

"మొకం జూసి పంచితె లొల్లి. ఈపుకు సుట్టాలుండరు" అనేవాడు.

ఊళ్ళో మోదుగాకుల మీద పెట్టేవారట. ఇక్కడ నేను స్టోర్ నుంచి పాత డ్రాయింగు కాగితాలు తెచ్చేవాణ్ణి. మేం కట్టిన బిల్డింగు ప్లాను మీదే మా పీతలు. ఎవరి వాటా ఎక్కడ పడితే వాడు ఆ గదికి యజమాని. ఒక వారం నా వాటా మాస్టర్ బెడ్‌రూంలో పడింది. ఆ గదిని కట్టింది మేమే, గానీ లోపల కూర్చున్నది ఆ ఒక్కసారే. వీపు తిప్పే పని ఎప్పుడూ నాదే. అంత వెడల్పాటి వీపు క్యాంపులో ఇంకోటి లేదని కాక అభిప్రాయం.

ఇక క్యాంపు బాస్. ఆయనా మా దిక్కు వాడే. మా ఊళ్ళ మధ్య దూరం ఒక సైకిల్ తొక్కుడు. ఒకప్పుడు మాలాగే తాపీ పట్టి, పైకెదిగాడు. బాస్ అయిన మర్నాటి నుంచి మాతో తెలుగు మానేశాడు. హిందీలోనే అరిచేవాడు. కాక మాత్రం తెలుగులోనే జవాబిచ్చేవాడు. వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ ఒక దుబాసీ నిలబడి ఉన్నట్టుండేది, ఆ దుబాసీ ఇద్దరికీ అక్కర్లేకపోయినా.

పీతల వాసన క్యాంపుకు పరువు తక్కువ అన్నాడు బాస్. మొదటిసారి బుట్టను కచ్రా డబ్బాలో వేయించాడు. నెలల అల్లిక, ఒక్క విసురు.  ఆ శుక్రవారం పంపకంలో కాక బుట్ట వాటా బుట్టకే తీశాడు. "అది లేదు కదా కాకా" అంటే, "ఉన్నది. కచ్రల ఉన్నది" అన్నాడు.

తరువాత రాడ్డు ముక్కతో ఒక కొక్కెం, చిరిగిన సేఫ్టీ నెట్టుతో ఒక సంచి చేశాడు. అవీ పోయాయి. ఈసారి బాస్ గోడ మీద నోటీసు అంటించాడు, వేట సామాన్ క్యాంపులోకి తేరాదని. నోటితో కూడా చెప్పాడు.

"ఔర్ ఏక్ బార్ సామాన్ దిఖా, తో క్యాన్సిల్!"

ఇంకోసారి సామాన్ కనిపిస్తే వీసా క్యాన్సిల్. ఆ వయసులో క్యాన్సిల్ అయితే ఇంకో వీసా రాదు. ఇంటికి పోవడమే, అదీ చేతులూపుకుంటూ. నేను ఆయన మంచం దగ్గర కూర్చుని బతిమాలాను.

"మానెయ్ కాకా. మెస్సుల రోజూ పెడుతున్నరు కద. కడుపు కోసమైతే కాదు."

ఆయన కాలి గోళ్ళు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఆరు దినాలు వాడు పిలిస్తె పోతున్న. ఏడో దినమన్న నేను దేనెన్కనన్న పోవాలె గద బిడ్డా."

  ఆయన గోళ్ళు తీయడం ఆపి, స్టోర్ కీపర్‌ను అడిగినట్టు అడిగాడు.

"సామాన్ అంటె ఏంది? నీ రిజిస్టర్ల ఉన్నదంత సామానేనా?"

"అంతే కాకా."

"చేతి గ్లౌజులు?"

"ఉన్నాయి."

"బకీటు?"

"ఉంది."

"అయితె అవి గుడ వద్దు. లుంగున్నదా?"

"లుంగీ లేదు."

"చేతులు?"

నేను రిజిస్టర్ తెచ్చి చూపించినా చూపించేవాణ్ణే. "లేవు కాకా."

"అయితె శుక్రారం పా."

చూశారా లెక్క? సీఫ్ మాల్ బొమ్మ దగ్గర మొదలై, ఆయన వేట సామాన్ ప్రతిసారీ చౌకవుతూ వచ్చింది. బుట్ట పోయి కొక్కెం, కొక్కెం పోయి వట్టి చేతులు. బాస్ ఎంత లాక్కుంటే ఈయన అంత వేటగాడయ్యాడు.

వట్టి చేతుల వేట ఎలాగంటారా? నీటి గుంటలో మెల్లగా అరికాలు ఆనించాలి. కింద ఏదైనా కదిలితే ఒత్తి పట్టాలి. అప్పుడు వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, వెనక కాళ్ళ మొదట్లో పట్టాలి. ఇదంతా చేస్తున్నప్పుడు కాక ఆకాశం వైపు చూస్తూ, "రావే నా తల్లి, నీకోసం రాలే, గట్లనే వోతున్న" అని పీతతో అబద్ధాలాడేవాడు. రెండు మూడుసార్లు పీత నమ్మలేదు. ఆయన చూపుడువేలు సొరకాయంత అయింది. సరే, దొండకాయంత.

ఆ శుక్రవారం ఆయన నిక్కరు మీద మిగిలి, లుంగీని మూటగట్టి, మూటలో ఇరవై పీతలతో క్యాంపు దాకా నడిచాడు. మూట తనంతట తానే ఎగురుతోంది. దారిలో ఎదురైన వాళ్ళు రోడ్డు దాటి అవతలికి పోయారు.

వంటగది వెనక డ్రాయింగు కాగితాలు పరిచి కుప్పలు పెట్టాం. వేటకు దిగినవాళ్ళం ఆరుగురం, ఆరు కుప్పలు. ఏడోది కచ్రాలో ఉన్న బుట్టది. నేను వీపు తిప్పి గోడవైపు నిలబడ్డాను. అప్పుడే వినిపించింది బాస్ బూట్ల చప్పుడు.  నేను గోడనే చూస్తున్నాను. ఆ గోడ మీద ఎన్ని పగుళ్ళున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

"సామాన్ కహా హై?"

మూల మూలా వెతికాడు. నీళ్ళ డ్రమ్ములోకి చూశాడు. గ్యాసు బండ వెనక చూశాడు. లుంగీని కాలితో తిప్పి చూశాడు. లుంగీ లుంగీలాగే ఉంది. సామాన్ ఏదని మళ్ళీ అరిచాడు.

కాక లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాచాడు. నేను ఉండబట్టలేక తల తిప్పి చూశాను. ఆ చేతుల మీద రాడ్డు గీతలు ఏవో, పీత గీతలు ఏవో విడదీయలేం.

"గివే సార్ సామాన్. గుంజుకో."

బాస్ నోటికి ఏ భాషా రాలేదు.

"గుంజుకోవా? అయితె నిలవడు. పంచకముందు జూసినవ్. జూసినోనికి వాటున్నది. మీ నాయిన జెప్పలేదా నీకు?"

అంటూనే కాక మళ్ళీ కూర్చుని, ఒక్కో కుప్ప లోంచి కొంచెం కొంచెం తీసి ఎనిమిదో కుప్ప పెట్టాడు. నన్ను గోడవైపు తిప్పాడు. "గిది ఎవలిది?" అన్నాడు. నేను నా పేరు చెప్పాను. "గిది?" ఇంకొకరి పేరు. "గిది?"  "బాస్‌ది" అన్నాను.

అందులో పడ్డది ఆ రోజు దొరికిన వాటిలో అన్నిటికన్నా పెద్దది. తాబేలంత.

"తీస్కపో సార్" అన్నాడు కాక. "తిన్నంక నీదీ మాదీ ఒక్కటే వాసన."

 బాస్ వంగి, కాగితం నాలుగు అంచులూ మడిచి, పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. పోతూ పోతూ, పదేళ్ళలో మొదటిసారి తెలుగులో అన్నాడు. "పులుసులకు చింతపండు జర్ర ఎక్కువెయ్యుండ్రి."

పెంచుతానని ముందే ఒప్పుకున్నాను కాబట్టి, ఇక కల్పించిందేమిటో కూడా చెప్పాలి.

తూము నిజం. బూటు నిజం, అది ఇంకా ఆ బురదలోనే ఉంది. నలభై జేబులు నిజానికి పదకొండు. పీత తాబేలంత లేదు, నా అరచేయంత. ఇవన్నీ పెంచడం. కల్పించింది ఒక్కటే, బాస్ ఆ పొట్లం తీసుకుపోవడం.

ఆయన తీసుకోలేదు. తెలుగులో మాట్లాడలేదు. "ఫేంక్ దో" అని, పారేయమని, వెళ్ళిపోయాడు. క్యాన్సిల్ చేయడానికి చూపించేందుకు సామాన్ దొరకలేదు కాబట్టి అది మాత్రం చేయలేకపోయాడు. ఎనిమిదో కుప్ప కాగితం మీదే ఉండిపోయింది. ఇంకొకరు ముట్టరాదు కదా. సాయంత్రానికి పిల్లులు తిన్నాయి.

తరువాతి శుక్రవారం కాక ఆ కుప్ప మళ్ళీ పెట్టాడు. ఆ పై శుక్రవారం కూడా. మూడేళ్ళ కింద తానుగా ఖలాస్ చెప్పి ఊరికి పోయేదాకా ఒక్క వారం తప్పలేదు. పట్టుకెళ్ళి బాస్ గది గడప ముందు పెట్టి, మునివేళ్ళ మీద తిరిగి వచ్చేవాడు. బాస్ ఒక్కసారీ తీయలేదు. ఒకరోజు నాకే విసుగొచ్చి అడిగాను.

"వాడు తీస్కోడు కాకా. ఎందుకిదంతా?"

"తీస్కునుడు తీస్కోకపోవుడు వాని ఇష్టం. పెట్టుడు నా ఇష్టం."

ఆయన పోయాడని విన్నాక, ఆ ఒక్క వేటా ఆయన గెలిచినట్టు రాయాలనిపించింది. రాశాను. గెలిచినట్టు రాయకపోయినా ఆయనకు పోయేదేమీ లేదని రాశాక తెలిసింది.

బాస్ ఇంకా మా క్యాంపులోనే ఉన్నాడు. నేనూ ఉన్నాను. నిన్న శుక్రవారం చెప్పులు ఒడ్డున విడిచి, వట్టి చేతులతో బురదలోకి దిగాను. నాలుగు పీతలు దొరికాయి. నాలుగే, వీటిని సగం చేయకండి. డ్రాయింగు కాగితం మీద నాలుగు కుప్పలు పెట్టాను. నాకు ఒకటి, నా గదివాడికి ఒకటి, బుట్టకు ఒకటి. వీపు తిప్పడానికి గదివాడిని నిలబెట్టాను. వాడి వీపు సన్నం, అయినా పని జరిగింది.

నాలుగోది తీసుకుపోయి బాస్ గడప ముందు పెట్టి, ఆకాశం వైపు చూస్తూ తిరిగి వచ్చాను. తీయలేదు. నాకు తొందరేమీ లేదు. సముద్రం రోజుకు రెండుసార్లు ఎండుతుంది.